ట్రాన్సిషన్: ఎవరి లెక్క వాళ్లది

వైజాగ్‌లో ఎవరైనా తాను ట్రాన్స్ మనిషినని, అంటే పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదని చెప్పుకుంటే, ఎదుటివాళ్లు ఎంత మర్యాదస్తులైనా సరే, రెండు మూడు మాటలయ్యాక వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఆపరేషనైపోయిందేటి?" ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ అడుగుతుంది, ఆటో డ్రైవర్ అడుగుతాడు, ఆఫీసులో పక్క సీటాయన కాస్త చుట్టూ తిప్పి అడుగుతాడు, జ్వరమని ఆసుపత్రికి వెళ్తే అక్కడా అడుగుతారు. అడిగేవాళ్లందరికీ చెడ్డ ఉద్దేశం ఉంటుందని అనలేం. తనదనిపించిన జెండర్‌లోకి మారడాన్నే ట్రాన్సిషన్ అంటారు. వాళ్ల మనసులో అదంటే ఒక రోజు, ఒక ఆపరేషన్ థియేటర్, దానికి ముందు ఒక మనిషి, తర్వాత ఇంకో మనిషి, సినిమాకి ఇంటర్వెల్ లాగా.

అసలు సంగతేంటంటే ఆ ఒక్క మాట కింద బోలెడు వేరువేరు పనులు నడుస్తుంటాయి. ఆ మనిషికి అదొకటి, వాళ్లమ్మకి ఒకటి, కమ్యూనిటీలో గురువుకి ఒకటి, డాక్టరుకి ఒకటి, కలెక్టరేట్‌కి ఒకటి, పెళ్లైతే అత్తింటివాళ్లకి మరొకటి. ఎవరికి వాళ్లు ఒక గీత గీసుకుని, అది దాటితేనే మారినట్టు అంటారు. ఈ గీతలు ఒకదానితో ఒకటి కలవవు. కలవకపోవడం వల్ల వచ్చే తిరుగుడు, ఖర్చు, అవమానం మాత్రం అన్నీ ఒక్కళ్ల మీదే పడతాయి.

మొదట ఆ మనిషి వైపు నుంచి చూద్దాం. చాలామందికి మొదలయ్యేది పేరుతో, బట్టలతో. గాజువాకలో షాపులో పనిచేస్తూ పగలంతా ప్యాంటు షర్టులో ఉండి, ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో స్నేహితుల మధ్య చుడీదార్లో తిరిగే అమ్మాయికి ఆ రెండు గంటలే ట్రాన్సిషన్. ఇంకొకరికి జుట్టు పెంచుకోవడం, చెవులు కుట్టించుకోవడం, స్నేహితులు కొత్త పేరుతో పిలవడం చాలు, మందుల జోలికి అసలు వెళ్లరు. డబ్బుల్లేక వెళ్లనివాళ్లు ఉన్నారు, షుగరో గుండె జబ్బో ఉండి వెళ్లలేనివాళ్లు ఉన్నారు, అవసరం అనిపించక వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఆడా మగా రెండింట్లో దేన్లోనూ పూర్తిగా ఇమడని వాళ్లకి ఫలానా చోటికి చేరడం అనేదే ఉండదు. వీళ్లలో ఎవరు అసలు, ఎవరు నకిలీ అని తేల్చే హక్కు బయటివాళ్లకి లేదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులోనే చెప్పింది. జెండర్ గుర్తింపు కోసం ఆపరేషన్ చేయించుకోమని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని అందులో స్పష్టంగా ఉంది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా వీధిలో ప్రశ్న మారలేదు, అది వేరే సంగతి.

డాక్టర్ల దగ్గరికి వెళ్లేవాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ ఇక్కడే. ట్రాన్స్‌గా ఉండటం మానసిక రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా పదకొండో కూర్పులో తేల్చింది, 2019లో ఆమోదం పొందిన ఆ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయినా మన దగ్గర హార్మోన్లు మొదలుపెట్టే ముందు చాలామంది డాక్టర్లు సైకియాట్రిస్టు లెటర్ అడుగుతారు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలిస్తే గోల ఇంకోలా ఉంటుంది, "మెంటల్ ఆసుపత్రిలో చూపిస్తే సరైపోతాడు" అంటారు. నిజానికి మందులతో, కౌన్సెలింగ్‌తో ట్రాన్స్ మనిషిని 'మామూలు' చేసేస్తానని బయలుదేరడం డాక్టరుకి వృత్తిపరమైన తప్పు, 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి ఆ మాటే రాసింది.

హార్మోన్లు మొదలయ్యాక ఏం జరుగుతుంది? ఈస్ట్రోజెన్ తీసుకునే ట్రాన్స్ మహిళలకి, అంటే మగపిల్లాడిగా పెరిగి స్త్రీగా బతికేవాళ్లకి, చర్మం మెత్తబడటం, ఛాతీ పెరగడం మూడు నుంచి ఆరు నెలల్లో మొదలవుతుంది, అది ఒక రూపానికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గొంతు మాత్రం మారదు. ఎన్ని మాత్రలు మింగినా ఒకసారి దిగిన గొంతు పైకి ఎక్కదు, దానికి సాధన వేరే చేయాలి. గడ్డం పల్చబడుతుందేమో గానీ పోదు, దానికి లేజర్, అది విడతలు విడతలుగా ఖర్చు. టెస్టోస్టిరాన్ తీసుకునే ట్రాన్స్ పురుషులకి, అంటే ఆడపిల్లగా పెరిగి పురుషుడిగా బతికేవాళ్లకి, కథ తిరగబడుతుంది. మొదటి ఏడాదిలోనే గొంతు దిగిపోతుంది, గడ్డం రావడం మొదలవుతుంది, కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది. ఇంజెక్షన్లు మానేస్తే నెలసరి మళ్లీ వస్తుంది, దిగిన గొంతు మాత్రం అలాగే ఉంటుంది. అంటే ఏది వెనక్కి వస్తుందో, ఏది రాదో ముందే తెలుసుకుని దిగాల్సిన పని ఇది. అలా చెప్పే డాక్టరు దొరక్క, దొరికినా ఫీజు కట్టలేక, ముందే వాడుతున్న అక్క చెప్పిందని మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకి మూడు నాలుగు మింగేవాళ్లున్నారు. వాటిలో ఉండే ఈస్ట్రోజెన్ రకానికి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, సిగరెట్ అలవాటుంటే మరీ. ఎక్కువ మింగితే తొందరగా మారిపోతామన్నది శుద్ధ భ్రమ.

పిల్లల సంగతి కూడా అప్పుడే ఆలోచించుకోవాలి. హార్మోన్లకి ముందు వీర్యం గానీ అండాలు గానీ నిల్వ చేసుకోవచ్చని డాక్టర్లు చెప్తారు. కానీ 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ఆ సేవల్ని పెళ్లైన జంటకి, ఒంటరి స్త్రీకి మాత్రమే ఇచ్చింది. దాచుకున్నది రేపు ఏ కాగితం చూపించి వాడుకోవాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ల వయసులో, ఇంట్లోంచి బయటికొచ్చేసి, చేతిలో నెల అద్దె కూడా లేనివాళ్ల ముందు పెట్టే ప్రశ్న ఇది.

ఆపరేషన్ అనేది కూడా ఒకటి కాదు. బీజాలు తీసేయడం ఒకటి, యోని నిర్మాణం మరొకటి, ట్రాన్స్ పురుషులకి ఛాతీ ఆపరేషన్ ఒకటి, గర్భసంచి తీయడం వేరు. ఒకటి చేయించుకున్నవాళ్లు రెండోది చేయించుకోవాలని లేదు. యోని నిర్మాణం తర్వాత ఆ దారి మూసుకుపోకుండా డైలేటర్ అనే సాధనాన్ని మొదటి నెలల్లో రోజుకి రెండు మూడు సార్లు, ప్రతిసారీ చాలాసేపు పెట్టుకోవాలి. తర్వాత తగ్గించవచ్చు గానీ పూర్తిగా మానకూడదు. కంచరపాలెంలోనో మర్రిపాలెంలోనో నలుగురు కలిసి ఒక్క గది తీసుకుని, బాత్రూం పక్క వాటాతో కలిపి వాడుకునేవాళ్లకి ఇది ఎలా కుదురుతుంది? తలుపు గడియ వేసుకుని అరగంట పడుకునే చోటు లేక, అంత ఖర్చు పెట్టి చేయించుకున్న ఆపరేషన్ పాడైపోవచ్చు. ఆపరేషన్ అయిందా అని అడిగేవాళ్లు గది ఉందా అని మాత్రం అడగరు. ఆ గదిని అద్దెకివ్వనిది చాలాసార్లు వాళ్లే.

హిజ్రా కమ్యూనిటీలో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ మగ అంగాన్ని తీసేసే ఆపరేషన్‌కి నిర్వాణం అని పేరు. డాక్టర్లు రాకముందు కమ్యూనిటీలోనే ఆ పని చేసే దాయమ్మ చేతుల మీదుగా, అమ్మవారి పేరు చెప్పుకుని జరిగేది, నలభై రోజులు బయటి ముఖం చూడకుండా ఉండి, ఆ తర్వాత పసుపు రాసి వేడుక చేసేవాళ్లు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఆసుపత్రులకే వెళ్తున్నారు గానీ, నిర్వాణం అయినవాళ్లకి గురువుల మధ్య ఉండే గౌరవం, కానివాళ్లని కాస్త తక్కువగా చూడటం పూర్తిగా పోలేదు. చేలాగా, అంటే శిష్యురాలిగా, చేరిన పిల్లకి ఆపరేషన్ ఖర్చు గురువు పెడితే, ఆ అప్పు బజారులో అడుక్కొచ్చిన డబ్బుల్లోంచో ఇంకో రకంగానో తీరాలి. ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. కన్నవాళ్లు గెంటేసిన రోజున అన్నం పెట్టి, చీర కట్టడం నేర్పి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది కూడా ఆ గురువే. కుటుంబం చేయాల్సింది చేయనప్పుడు ఆ స్థానంలో నిలబడిన వ్యవస్థ అది, కుటుంబాలకుండే పట్టూ పెత్తనం దానికీ ఉన్నాయి. రుషికొండ వైపు ఐటీ కంపెనీల్లో ఉద్యోగం చేసుకునే ట్రాన్స్ మహిళలు కొందరు ఈ వ్యవస్థలోకి అసలు రారు, వాళ్లని సిగ్నల్ దగ్గర నిలబడే అక్కల్తో కలిపి చూస్తే ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బందిలో వర్గం, చదువు, కులం ఎంతెంత పాళ్లలో ఉన్నాయో విడదీయడం కష్టం.

ట్రాన్స్ పురుషులకి ఇలాంటి గూడు కూడా లేదు. ఆడపిల్లగా పెరిగినవాళ్లని ఇల్లు బయటికి గెంటదు, లోపల బంధిస్తుంది. జుట్టు కత్తిరించుకుంటే మొదట టామ్‌బాయ్ అని ముచ్చటపడినవాళ్లే ఇరవై దాటేసరికి "పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. పారిపోతే మిస్సింగ్ కేసు, పోలీసులు పట్టుకొచ్చి మళ్లీ ఇంట్లోనే అప్పగించడం. ఇలాంటి కేసుల్లో మేజర్ల వాంగ్మూలం తీసుకుని, ఇష్టప్రకారమే వెళ్లారని తేలితే ఫైలు మూసేయాలని 2021లో మద్రాస్ హైకోర్టు పోలీసులకి చెప్పింది, అది తమిళనాడు మాట. వీళ్లకి ట్రాన్సిషన్ అంటే మొట్టమొదట ఇల్లు దాటడం, హార్మోన్ల సంగతి తర్వాత.

ఇంట్లోవాళ్ల దగ్గరికొస్తే, వాళ్లకి కూడా ఒక ట్రాన్సిషన్ ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. తండ్రికి మొదట గుర్తొచ్చేది తలకొరివి. తల్లికి చుట్టాలు. "చెల్లి పెళ్లయ్యేదాకా జుట్టు పెంచకు నాన్నా" అని ఒక గడువు పెడతారు, ఆ పెళ్లయ్యాక "అమ్మమ్మ ఉన్నన్నాళ్లు ఆగు" అని ఇంకో గడువు. కొంతమంది తల్లులు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టుకున్నారు. ఎదురుగా ఉంటే "వచ్చావా, తిన్నావా" అంటారు, అందులో ఆడా మగా తెలియదు. పక్కింటావిడ అడిగినప్పుడు వచ్చాడనాలా వచ్చిందనాలా తేలక, "ఇంట్లోనే" అని ఊరుకుంటారు. ఏళ్ల తరబడి అలా నెట్టుకొచ్చి, ఒకరోజు ఫోన్లో అలవోకగా "అమ్మాయికి చెప్తాలే" అనేస్తారు. ఏ చట్టంలోనూ దీనికి ఫారం లేదు. చాలామంది ట్రాన్స్ మహిళల్ని అడిగితే ఆపరేషన్ కన్నా ఈ మాట కోసమే ఎక్కువ ఎదురుచూశామంటారు. అలాగని ప్రతి తల్లీ అక్కడికి చేరుతుందని లేదు, చచ్చినట్టే లెక్క అని ఫొటో తీసేసిన ఇళ్లూ ఉన్నాయి.

ఇక ప్రభుత్వం. ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ కోసమని వచ్చిన 2019 చట్టం, 2020 నిబంధనలు వచ్చినప్పుడు దీనికి రెండు మెట్లు పెట్టాయి. మొదటి మెట్టులో అఫిడవిట్‌తో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, 'ట్రాన్స్‌జెండర్' అని ధ్రువపత్రం, కార్డు ఇవ్వాలన్నారు. డాక్టర్ పరీక్షలు అక్కర్లేదని, గడువు ముప్ఫై రోజులని అప్పట్లో రాశారు. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే రెండో మెట్టు, దానికి శస్త్రచికిత్స జరిగిందని ఆసుపత్రి అధికారి ఇచ్చే పత్రం ఉండాలని చట్టం అంది. నల్సా తీర్పు వద్దన్న షరతు ఇలా పక్క గుమ్మంలోంచి లోపలికొచ్చింది. హార్మోన్లు పదేళ్లు వాడి, ఆరోగ్యం బాగోక ఆపరేషన్ వద్దనుకున్న మనిషి ఆ చట్టం మాట ప్రకారం ఎప్పటికీ స్త్రీ కాదు, 2020 నిబంధనలు మాత్రం హార్మోన్ల చికిత్సని కూడా లెక్కలోకి తీసుకున్నాయి. (ఈ నిబంధనలు రాతిమీద గీత కావు, దరఖాస్తు పెట్టే రోజున ఏవి అమల్లో ఉన్నాయో చూసుకుని వెళ్లడం మంచిది.) ఆ తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు, ఓటరు కార్డు ఒక్కోటీ మార్చుకుంటూ పోవాలి. అన్నిటికన్నా మొండిది పదో తరగతి మార్కుల లిస్టు, ఎందుకంటే ఏ ఆఫీసుకి వెళ్లినా చివరికి "టెన్త్ మెమో ఏదమ్మా" అంటారు.

ఈ కాగితాల గొడవ రోజూ కనిపించేది సిటీ బస్సులో. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద మహిళలకి, ట్రాన్స్‌జెండర్లకి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించాలి. జగదాంబ దగ్గర బస్సు ఎక్కిన ట్రాన్స్ మహిళ చేతిలో ఆధార్ ఉంటుంది, దాని మీద పాత పేరు, పాత ఫొటో, 'పురుషుడు'. కండక్టర్ కార్డు చూస్తాడు, ముఖం చూస్తాడు, మళ్లీ కార్డు చూస్తాడు. వెనక సీట్లోంచి ఎవరో నవ్వుతారు. జీరో టికెట్ కొట్టివ్వడం అతని చేతిలో పనే, చాలామంది కొట్టిస్తారు కూడా, కానీ ఆ అర నిమిషం బస్సంతా వినేలా జరుగుతుంది. అదే బస్సులో గడ్డం పెంచిన ట్రాన్స్ పురుషుడు ఉంటాడు, అతని ఆధార్‌లో ఇంకా 'స్త్రీ' అనే ఉంటుంది. అతను కార్డు తీయడు, డబ్బులిచ్చి టికెట్ తీసుకుంటాడు. ఏ మూలా కనిపించకుండా పోవడమే అతనికి ట్రాన్సిషన్ ఇచ్చిన నెమ్మది, ఉచిత ప్రయాణం కోసం దాన్ని వదులుకోడు.

పైకం వైపు సాయం కొంత ఉంది. ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకి నెలకు 4,000 రూపాయల పెన్షన్, కేంద్రం 2022లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్‌లో ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, ఆపరేషన్లు, హార్మోన్లతో సహా. దానికీ కలెక్టర్ ఇచ్చే ఆ ట్రాన్స్‌జెండర్ కార్డే తాళంచెవి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 'ఇతరులు' అని నమోదైనవాళ్లు 43,769 మంది. ఇంటి పెద్ద చెప్పింది రాసుకునే లెక్క అది, అసలు సంఖ్యకి దాన్ని కొలతగా తీసుకోలేం.

ఉద్యోగమిచ్చేవాళ్ల లెక్కకి వైజాగ్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2010లో నేవీలో నావికుడిగా చేరిన ఒకరు, ఇక్కడి ఐఎన్‌ఎస్ ఏక్శిల అనే నేవీ కేంద్రంలో పనిచేస్తూ, సెలవులో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని స్త్రీగా తిరిగొచ్చారు. 2017 అక్టోబర్‌లో నేవీ ఆమెని ఉద్యోగంలోంచి తీసేసింది. చేరినప్పుడు ఉన్న జెండర్‌ని సొంత ఇష్టంతో మార్చుకున్నారు కాబట్టి ఆ ఉద్యోగానికి అర్హత లేదన్నది నేవీ వాదన, ఎందుకంటే అప్పట్లో నావికులుగా మగవాళ్లనే తీసుకునేవాళ్లు. ఆమె చేసే పనిలో ఏం తేడా వచ్చిందన్న దానికి ఆ వాదనలో చోటే లేదు. తర్వాత 2022లో అగ్నివీర్ పద్ధతిలో నేవీ మొదటిసారి మహిళల్నీ నావికులుగా తీసుకుంది, ఆమె విషయంలో చెప్పిన ఆ కారణం అప్పటికి దానంతటదే కరిగిపోయింది. వీధిలో ఆపరేషన్ కాలేదని ఒప్పుకోరు, ఇక్కడేమో అయినందుకే ఉద్యోగం పోయింది.

పెళ్లిలో గీత మరీ దూరం జరుగుతుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. ఒక ట్రాన్స్ మహిళ భర్త మీదా అత్తమామల మీదా 498ఏ (భార్యని వేధించడం మీద ఉన్న సెక్షన్) కింద కేసు పెడితే, పిల్లల్ని కనలేదు కాబట్టి ఆమె స్త్రీయే కాదని అవతలివాళ్లు వాదించారు. కనడాన్ని బట్టి స్త్రీత్వాన్ని నిర్ణయించలేమని, పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళ ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని కోర్టు తేల్చింది. ఆరోపణలకి ఆధారాలు చాలవని ఆ కేసుని మాత్రం కొట్టేసింది. అత్తింటివాళ్ల వాదన వింతగా అనిపించవచ్చు గానీ, పిల్లలు పుట్టని ఏ కోడలిని అడిగినా అది ఆమెకి కొత్త కాదు.

మధ్యలో ఆపేసినవాళ్ల మాట కూడా రావాలి, ఎందుకంటే టీవీ చర్చల్లో దీన్నే ఆయుధంగా వాడతారు. 2015లో అమెరికాలో జరిగిన ట్రాన్స్ సర్వే జవాబుల్ని తర్వాత విశ్లేషిస్తే, ట్రాన్సిషన్ వైపు అడుగేసినవాళ్లలో 13.1 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తగ్గామన్నారు, వాళ్లలో 82.5 శాతం మంది ఇంటివాళ్ల ఒత్తిడి, ఉద్యోగం, సమాజం లాంటి బయటి కారణం కనీసం ఒకటి చెప్పారు. అది ఇప్పటికీ ట్రాన్స్‌గా ఉన్నవాళ్లని అడిగిన సర్వే, పూర్తిగా వదిలేసినవాళ్లు అందులో లేరు, ఆ పరిమితి గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర చూస్తే తల్లికి జబ్బు చేసిందని ఊరెళ్లి, జుట్టు కత్తిరించుకుని ఆరు నెలలు కొడుకుగా ఉండి, మళ్లీ తిరిగొచ్చేవాళ్లు తరచు కనిపిస్తారు. నాకిది కాదని తెలుసుకుని నిజంగానే ఆపేసేవాళ్లూ ఉంటారు, వాళ్లని ఎగతాళి చేయడం కూడా అంతే తప్పు.

ఇంతకీ ఆపరేషన్ అయినవాళ్లకైనా డాక్టర్ల దృష్టిలో ఇది అయిపోతుందా అంటే, కాదు. బీజాలు తీసేశాక శరీరం సొంతంగా హార్మోన్ దాదాపు తయారుచేయదు. మాత్రలు మానేస్తే ఎముకలు గుల్లబారతాయి, కాబట్టి అవి ఏళ్ల తరబడి నడవాల్సిందే. ట్రాన్స్ మహిళకి ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది, వయసు పైబడ్డాక దానికి పరీక్ష అవసరం పడొచ్చు. గర్భసంచి ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషుడికి దాని క్యాన్సర్ పరీక్ష కావాలి, కానీ ఓపీ కౌంటర్లో 'పురుషుడు' అని కొట్టిన చీటీతో గైనిక్ గది ముందు నిలబడితే లోపలికి పిలవరు. ల్యాబ్ రిపోర్టు దగ్గరా ఇదే తంటా. హిమోగ్లోబిన్‌కి ఆడవాళ్లకో లెక్క, మగవాళ్లకో లెక్క ఉంటుంది. టెస్టోస్టిరాన్ వాడే మనిషి రిపోర్టు పాత ఆధార్ ప్రకారం 'స్త్రీ' అని పడితే, అతనికి సరిపోయిన అంకె కూడా ఎక్కువని ఎర్రగా అచ్చవుతుంది. 'పురుషుడు' అని పడితే నిజంగా తగ్గినదేదో, పెరిగినదేదో కాస్త తెలుస్తుంది. అందుకని హార్మోన్లు వాడేవాళ్లు రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా అన్నది డాక్టరుకి నోటితోనే చెప్పాల్సి ఉంటుంది, కంప్యూటర్లో దానికి గడి లేదు.